గిర్రున తిరిగే కోస్టర్‌లో చిన్నపిల్లల్ని ఎక్కించాలా? ఇంటి దగ్గరే తేల్చుకునే పద్ధతి

పోయిన వేసవిలో ఒక రాత్రి మా ఆడపడుచు అమెరికా నుంచి ఫోన్ చేసింది. "వదినా, పిల్లలతో ఓర్లాండో వెళ్తున్నాం. అక్కడేదో కోస్టర్ పట్టాల మీద పోతూనే బొంగరంలా తిరుగుతుందట. చిన్నోడు ఎక్కుతానని ఒకటే గోల. వాడికింకా ఐదు నిండలేదు. ఎక్కించమంటావా?"

ఫ్లోరిడాలో ఉన్న రైడు గురించి విజయనగరంలో ఉన్నదాన్ని అడగడమేమిటని మా ఆయన నవ్వారు. ఆవిడ మాత్రం అడగాల్సిన మనిషినే అడిగింది. అంతకుముందు దసరాకి వాళ్లు వచ్చినప్పుడు, మా ఊరి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూశాక పిల్లలందర్నీ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లింది నేనే. బ్రేక్ డాన్స్ అనే గిర్రున తిరిగే రైడులో వాడి పక్కన కూర్చున్నదీ నేనే. దిగాక ఢిల్లీ అప్పడం, మిర్చి బజ్జీ మొత్తం కక్కేసిన పిల్లకి మూతి కడిగిందీ నేనే. అయితే కక్కింది వాడు కాదు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. నాలుగేళ్ల వాడు నా చీర కొంగు పట్టుకుని "అత్తా, ఇంకోపాలి" అంటున్నాడు.

చిన్నవాడు తట్టుకోలేడని, పెద్దది తట్టుకుంటుందని నేననుకున్న లెక్క ఆ రోజు తలకిందులైంది. అప్పటినుంచి ఈ విషయం మీద కాస్త చదివాను, నలుగురు పిల్లల మీద చూశాను. గేటు దగ్గర ఎత్తు కొలిచే బోర్డు ఉంటుంది కదా, అది ఒకే ఒక్క ప్రశ్నకి జవాబు చెబుతుంది: సీటూ, ఒళ్లోకి దిగే అడ్డ కడ్డీ (బార్) ఈ పిల్లాణ్ణి పట్టి ఉంచుతాయా లేదా అని. వాడి కడుపు, వాడి గుండె ధైర్యం ఆ బోర్డుకి తెలియవు. వాటిని మీరే చూసుకోవాలి. అందుకు విమానం టికెట్టు అక్కర్లేదు, మన చుట్టుపక్కలే సరిపోతాయి. ఆ రాత్రి ఆవిడకి ఫోన్లో చెప్పినవే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి పని: అది ఏ రకం తిరుగుడో కనుక్కోండి

తిరిగేవన్నీ ఒకటి కావు. పెద్ద కాఫీ కప్పుల్లో కూర్చోబెట్టి నేల మీదే తిప్పే రైడు ఉంటుంది. అందులో చాలావాటికి కప్పు మధ్యన ఒక చక్రం ఉంటుంది, దాన్ని మనమే తిప్పుతాం. పిల్లాడి మొహం వాడిపోతే తిప్పడం మానేస్తాం, సగం వేగం అక్కడే తగ్గుతుంది. కోస్టర్‌లో ఆ వీలు లేదు. బయల్దేరాక ఇక ఆఖర్నే దిగడం.

స్పిన్నింగ్ కోస్టర్ ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే తిరగలిని గుర్తు చేసుకోండి. కింది రాయి కదలకుండా ఉంటే పై రాయి దాని మీద తిరుగుతుంది. ఇక్కడ కింది రాయి అంటే పట్టాలని కరుచుకుని పోయే బండి. పై రాయి అంటే మనం కూర్చునే పెట్టె. బండి మలుపు తిరిగినప్పుడల్లా పెట్టెలో బరువు ఎక్కువున్న వైపు బయటికి తోసుకుపోతుంది, దాంతో పెట్టె మొత్తం తిరగడం మొదలుపెడుతుంది. ఎటు తిరుగుతుందో, ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ పూట ఎవరెక్కడ కూర్చున్నారన్న దాని మీద ఉంటుంది. అందుకే ఒకే రైడు పొద్దున ఎక్కితే ఒకలా, సాయంత్రం ఎక్కితే ఇంకోలా ఉంటుంది. "మా పిల్లాడు ఎక్కాడు, ఏం కాలేదు" అని పక్కింటివాళ్లు చెప్పిన మాట మీకు పూర్తిగా పనికిరాకపోవడానికి ఇదే కారణం.

ఇంకో రకంలో తిరుగుడు మోటారు చేతిలో ఉంటుంది. ఏ మలుపులో ఎటు మొహం పెట్టాలో ముందే రాసిపెట్టి ఉంటుంది, బరువులతో పని లేదు. ఓర్లాండో దగ్గర ఎప్‌కాట్ పార్కులో 2022లో తెరిచిన కాస్మిక్ రివైండ్ ఈ రకం. ఉన్నట్టుండి వెనక్కి దూసుకెళ్లడం, చీకటి, హోరెత్తే పాటలు, అన్నీ ఉంటాయి. ప్యారిస్ డిస్నీలో 2007లో తెరిచిన క్రష్స్ కోస్టర్ మొదటి రకం. తాబేలు చిప్పలాంటి బండిలో ఇద్దరు ఇటు, ఇద్దరు అటు, వీపు వీపు ఆనించి నలుగురు కూర్చుంటారు. బొమ్మల తాబేలు కదా అని చంటిపిల్లల రైడు అనుకుని వరసలో నిలబడతారు చాలామంది. లోపల ఎక్కువ భాగం చీకట్లోనే పోతుంది. ఈ రెండింటికీ కనీస ఎత్తు 107 సెంటీమీటర్లు.

కాబట్టి వెళ్లబోయే పార్కు వెబ్‌సైటులో ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకండి. చీకటి ఉందా, వెనక్కి పోతుందా, తిరుగుడు బరువుని బట్టా మోటారుని బట్టా, ఎన్ని నిమిషాలు, ఇవి కూడా చూడండి. సీట్లోంచి తీసిన వీడియోలు దొరుకుతాయి. పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒకటి చూపించండి. చీకటి రాగానే వాడు మీ చెయ్యి పట్టుకున్నాడా, తెర మీదకి వంగాడా గమనించండి. ధైర్యం సంగతి అక్కడే సగం తెలిసిపోతుంది.

రెండో పని: ఎత్తు నిజంగా కొలవండి

"మావాడు వయసుకి పొడుగే" అన్నది కొలత కాదు. మీ వీధి అంగన్‌వాడీలో ఎత్తు కొలిచే స్టాండు ఉంటే కార్యకర్తని అడగండి, సంతోషంగా కొలిచి పెడతారు. లేదంటే ఇంట్లో గోడకి మడమలు, పిర్రలు, తల వెనక భాగం ఆనించి, చెప్పులు లేకుండా, నెత్తి మీద పుస్తకం అడ్డంగా పెట్టి పెన్సిల్‌తో గీత గీయండి. పొద్దున లేవగానే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. రాత్రి గీత అర సెంటీ నుంచి ఒక సెంటీ దాకా కిందికి వస్తుంది. ఆశ్చర్యపోకండి, పగలంతా నిలబడి తిరిగితే వెన్నుపూసల మధ్య ఉన్న మెత్తటి బిళ్లలు కొంచెం నొక్కుకుంటాయి. పార్కులో వరసలో మీ వంతు వచ్చేసరికి ఏ మధ్యాహ్నమో అవుతుంది కాబట్టి రాత్రి కొలతే లెక్కలోకి తీసుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో నాలుగున్నరేళ్ల పిల్లల మధ్యస్థ ఎత్తు దాదాపు 106 నుంచి 107 సెంటీమీటర్లు. అంటే ఆ వయసు పిల్లలు సగం మంది ఈ గీత దగ్గర ఇటో అటో ఉంటారు. మన వైపు పిల్లల్లో చాలామంది ఐదు దాటితే గానీ అందుకోరు. ఒకటి రెండు సెంటీలు తక్కువైతే మందం సోలున్న బూట్లు తొడిగి గట్టెక్కించే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ గీత సరదాకి పెట్టింది కాదు. సీటు వెన్ను ఎక్కడికి రావాలి, మోకాళ్లు ఎక్కడ మడవాలి, బార్ తొడల మీద ఎక్కడ ఆనాలి, ఇవన్నీ ఆ ఎత్తు లెక్కలో ఉంటాయి. పైగా చిన్నపిల్లల తల వాళ్ల ఒంటితో పోలిస్తే పెద్దది, మెడ కండరాలు ఇంకా గట్టిపడవు. తల ఆనుకోవాల్సిన చోటికి తల రాకపోతే ప్రతి మలుపులోనూ మెడ ఒక్కటే ఆ బరువు మోస్తుంది.

బార్ సంగతి ఎవరూ చెప్పరు

నాకు తెలిసినంతలో పెద్దవాళ్లు అతి తక్కువ పట్టించుకునేది ఇదే.

కొన్ని బండ్లలో ఇద్దరికీ కలిపి ఒకే బార్ ఒళ్లోకి దిగుతుంది. పక్కన నాలాంటి కాస్త బొద్దుగా ఉన్న అత్త కూర్చుందనుకోండి, బార్ నా తొడల దగ్గరే ఆగిపోతుంది. పిల్లాడి తొడలకీ బార్‌కీ మధ్య జానెడు ఖాళీ మిగులుతుంది. బెల్టు లేకపోతే వాడు ఆ ఖాళీలో అటూ ఇటూ జారుతూనే ఉంటాడు. ఎగ్జిబిషన్‌లో నాకు జరిగింది అచ్చం ఇదే. బ్రేక్ డాన్స్ తిరుగుతున్నంతసేపూ ఎడమ చేత్తో బార్, కుడి చేత్తో వాడి నడుం పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు భుజం పైకి లేవలేదు.

మనిషికి విడిగా బార్ ఉన్న రైడు ఎంచుకోండి. ఉమ్మడి బార్ అయితే పిల్లాడి పక్కన ఇంట్లో అందరికంటే సన్నగా ఉన్న పెద్దమనిషి కూర్చోవాలి. మనవైపు ఇది మొహమాటం వ్యవహారం, "నువ్వు లావు, దిగు" అని ఎలా అంటాం? అయినా అనాలి. బార్ దిగాక పిల్లాడి పొట్టకీ బార్‌కీ మధ్య మీ అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి అడ్డంగా పట్టి ఇంకా ఖాళీ ఉంటే బండి కదలకముందే పిలిచి చెప్పండి, లేదా దిగిపోండి. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

కడుపు పరీక్ష: ఒప్పులకుప్ప నుంచి ఘాట్ రోడ్డు దాకా

చెవి లోపల మూడు చిన్న గొట్టాలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. మనం తిరిగితే ఆ ద్రవం కదులుతుంది, దాన్నిబట్టి ఎటు తిరుగుతున్నామో మెదడుకి తెలుస్తుంది. చెంబులో నీళ్లు గిర్రున తిప్పి చెంబుని ఆపితే లోపల నీళ్లు కాసేపు తిరుగుతూనే ఉంటాయి చూడండి, అలాగే మనం ఆగినా ఆ ద్రవం వెంటనే ఆగదు. కళ్లు "ఆగిపోయాం" అంటాయి, చెవి "ఇంకా తిరుగుతున్నాం" అంటుంది. ఆ తగువులో నలిగేది కడుపు. ఒక్క దిక్కున తిరిగితేనే ఇంత గొడవ. కోస్టర్‌లో పైకీ కిందికీ పోతూ, పక్కకి ఒరుగుతూ, దాని మీద తిరుగుతాం.

ఇక్కడే మా అమ్మాయి కథ అర్థమైంది నాకు. ప్రయాణంలో కడుపు తిప్పడం రెండేళ్లలోపు పిల్లల్లో అరుదు. తర్వాత మెల్లగా పెరుగుతూ, ఆరు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువగా కనిపిస్తుంది, ఆ తర్వాత తగ్గుతుంది. కాబట్టి నాలుగేళ్లవాడు నవ్వుతూ దిగడం, ఎనిమిదేళ్లది కక్కేయడం వింతేం కాదు. "అక్క పెద్దది, దానికేం కాదులే" అన్న మాట ఇంట్లోంచి తీసేయండి.

ఇంట్లో చేసే మొదటి పరీక్ష ఒప్పులకుప్ప. చేతులు అడ్డంగా పట్టుకుని, కాళ్లు దగ్గర పెట్టి, వెనక్కి వాలి, పిల్లతో పది చుట్లు తిరగండి. ఆగాక ఏం చేస్తున్నారో చూడండి. తూలి, పడి, నవ్వి, లేచి మళ్లీ చేతులు చాపితే మంచి గుర్తు. తూలి, గోడ పట్టుకుని, నోట్లో ఊరిన నీళ్లు మింగుతుంటే అక్కడితో ఆపేయండి. మా అమ్మమ్మ కాలంలో ఆడపిల్లలు దీపాల వేళ దాకా ఇదే ఆడేవారట, వాళ్లని కోస్టర్‌లో కూర్చోబెట్టి ఉంటే నిద్రపోయేవారేమో.

రెండో పరీక్ష మనకి దేవుడిచ్చినది: ఎస్.కోట దాటి అరకు ఎక్కే ఘాట్ రోడ్డు. మలుపు మీద మలుపు. కారులో వెనక సీట్లో కూర్చుని అనంతగిరి దాకా ఏ గొడవా లేకుండా వెళ్లిన పిల్లకి కోస్టర్ గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. సగం దారిలోనే పాలిథిన్ కవరు అడిగే పిల్లకి మాత్రం స్పిన్నింగ్ కోస్టర్ వద్దేవద్దు. మీ పిల్లలు ఇప్పటికే ఒకసారి అరకు వెళ్లొచ్చి ఉంటే కొత్తగా పరీక్ష కూడా అక్కర్లేదు, ఆ రోజు ఏమైందో గుర్తు చేసుకుంటే చాలు.

శ్రీకాకుళం నుంచి కొందరు అడుగుతారు, బస్సులో పడని పిల్లలకి వేసే అవోమిన్ మాత్ర కోస్టర్‌కి ముందు వేయొచ్చా అని. అందులో ఉండేది ప్రోమెథజీన్. రెండేళ్లలోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు, ఆ పై వయసువాళ్లకీ ఎంత ఇవ్వాలో పిల్లల డాక్టరే చెప్పాలి. పైగా అది మత్తు ఇస్తుంది. మత్తులో తల వాల్చేసిన పిల్లని అంత వేగంగా తిరిగే బండిలో కూర్చోబెడితే మెడ ఎవరు ఆపుతారు? మాత్ర వేస్తేనే ఎక్కగలిగే రైడుని ఎక్కకపోవడమే నయం.

ఎగ్జిబిషన్: మన ఊరి రిహార్సల్

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ రోజుల్లో ఊళ్లోకి రంగులరాట్నాలు, జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్ దిగుతాయి. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరకైనా, రాజాం పోలిపల్లి జాతరకైనా ఇలాంటి సందడే. కోస్టర్‌కి దగ్గర చుట్టం ఇక్కడ బ్రేక్ డాన్స్. పెద్ద పళ్లెం ఒకటి తిరుగుతుంటే దాని మీద చిన్న బండ్లు తమంతట తాము గిర్రున తిరుగుతాయి. పట్టాలు, పల్లాలు లేవన్నమాటే గానీ కడుపుకి అదే పరీక్ష.

అయితే ఒక్కసారిగా దాని మీదకి తోయకండి. ముందు రంగులరాట్నం గుర్రం. తర్వాత పిల్లల డ్రాగన్ రైలు, దానికి చిన్న ఎత్తుపల్లాలుంటాయి. ఆ తర్వాత కప్పుల రైడు ఉంటే అది. వీటి మధ్య పావుగంటైనా విరామం ఉండాలి. అన్నీ నవ్వుతూ దిగితే అప్పుడు బ్రేక్ డాన్స్, అది కూడా పిల్ల ఐదారేళ్లది, బార్ సరిగ్గా పట్టేది అయితేనే. నేను నాలుగేళ్లవాణ్ణి ఎక్కించాను కదా అంటారేమో. ఎక్కించాను, తప్పు చేశాను, అందుకే చెబుతున్నాను.

పెద్ద పార్కులో ఎత్తు కొలిచే మనిషి, బార్ లాగి చూసే మనిషి విడివిడిగా ఉంటారు. ఇక్కడ ఆ ఇద్దరూ మీరే. ఎక్కే ముందు అయిదు నిమిషాలు బయట నిలబడి ఒక ఆట పూర్తిగా చూడండి. బార్‌కి గొళ్లెం ఉందా, గొళ్లేనికి పిన్ను ఉందా? పిన్ను బదులు తీగ ముక్క చుట్టి ఉంటే వెనక్కి వచ్చేయండి. రైడు కాళ్ల కింద దుంగలు పెట్టి ఉంటాయి, తిరిగేటప్పుడు అవి కదులుతున్నాయేమో చూడండి. వాన పడి నేల మెత్తబడ్డ సాయంత్రం మరీ జాగ్రత్త, మనకి దసరా రోజుల్లో వానలు మామూలే. నడిపే కుర్రాడు బండ్ల వైపు చూస్తున్నాడా, ఫోన్ వైపు చూస్తున్నాడా? పిల్ల ఏడిస్తే ఆపుతాడా? ముందే అడిగేయండి, "బాబూ, నేను చెయ్యెత్తితే ఆపుతావా?" అని. ఆపుతానన్నవాడి రైడే ఎక్కండి. రద్దీ ఎక్కువున్న రాత్రి అడిగినంత మాత్రాన ఎవరూ ఆపరు, అందుకే సాయంత్రం ఐదింటికే వెళ్లిపోవడం మేలు.

తిరుగుతున్నప్పుడు పిల్ల మొహం చదవడం నేర్చుకోవాలి. అరుస్తుంటే భయపడకండి, అరుపు మంచిదే. మాట పడిపోవడం చెడ్డ గుర్తు. ఆవలింతలు, పెదవుల చుట్టూ తెల్లబడటం, పై పెదవి మీద సన్నటి చెమట, మాటిమాటికీ గుటకలు వేయడం, ఇవన్నీ వాంతికి ముందు వచ్చేవి. మా అమ్మాయి రెండో చుట్టులోనే మాట్లాడటం మానేసింది. నేను బుద్ధిగా కూర్చుందనుకున్నాను.

హైదరాబాద్ వెళ్లే పని ఉంటే ఇంకో మెట్టు ఉంది. రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లాలో రైడు రైడుకీ ఎత్తు నియమం ఉంటుంది. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి ఒక పూట అక్కడ గడిపితే, గేటు దగ్గర కొలిపించుకోవడం, "నీకు లేదు నాన్నా" అనిపించుకోవడం కూడా పిల్లలకి అలవాటవుతుంది. అదీ అవసరమే. వరసలో గంటసేపు నిలబడ్డాక ఆ మాట మొదటిసారి వింటే వాళ్ల ఏడుపు ఆపలేం.

అసలు ఎక్కించకూడని పిల్లలు

ఎత్తు సరిపోయినా సరే, మూర్ఛ ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెడకీ వెన్నుకీ సమస్య ఉన్నవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఎక్కకూడదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో ఎముకల పట్టు వదులుగా ఉంటుంది, వాళ్ల విషయంలో మరీ తప్పనిసరి. జలుబు చేసి చెవిపోటు ఉన్న రోజున మామూలు పిల్లలకీ వద్దు.

ఆ రోజు ఎలా ఎక్కించాలి

పరీక్షలన్నీ దాటారనుకుందాం. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తిని గంట గంటన్నర అయ్యాక ఎక్కితే బావుంటుంది. నూనె వంటకాలు, పాలు, ఐస్‌క్రీమ్, రంగు డ్రింకులు దిగాకే. మన ఇళ్లలో దీనికి పెద్ద అడ్డంకి మామ్మలు, అమ్మమ్మలే. "గుంటడు ఏటీ తినలేదు" అని వరసలో కూడా జంతిక నోట్లో పెడతారు. వాళ్లకి ముందే చెప్పుకోండి.

కళ్లజోడుంటే తీసి మీ బ్యాగులో పెట్టండి. మెడలో గొలుసు, తాయెత్తు తాడు చొక్కా లోపలికి దోపండి. చున్నీ, కొంగు గట్టిగా చుట్టుకోండి, ఇది పెద్దవాళ్లకి.

బరువుని బట్టి తిరిగే కోస్టర్ అయితే కూర్చునే పద్ధతిలో కిటుకు ఉంది. పెద్దవాళ్లిద్దరూ ఒకే వైపు, పిల్లలిద్దరూ ఇంకో వైపు కూర్చుంటే పెట్టె ఒక పక్కకి బరువెక్కి ఎక్కువ తిరుగుతుంది. అమ్మ ఒక పిల్లతో ఇటు, నాన్న ఒక పిల్లతో అటు కూర్చుంటే కావడి రెండు వైపులా సరిపడినట్టుగా బరువు సరిపోయి, తిరుగుడు కొంచెం తగ్గుతుంది. పూర్తిగా ఆగదు, తగ్గుతుందంతే. సీట్లో ఎవరెక్కడ కూర్చోవాలో అక్కడి సిబ్బంది చెబితే వాళ్ల మాటే వినండి, ఒకసారి అడగడంలో మాత్రం తప్పులేదు.

తల వెనక్కి ఆనించి, రెండు చేతులతో బార్ పట్టుకుని, మీ మొహం వైపో బార్ వైపో చూడమనండి. మనతో పాటే తిరిగే వస్తువుని చూస్తే మా అమ్మాయికి నయంగా ఉండేది. బయట గిర్రున పోయే దీపాలు చూస్తే మాత్రం వెంటనే కడుపు తిప్పేది. దిగాక వెంటనే ఇంకో రైడుకి పరుగెత్తకుండా నీడలో కూర్చోబెట్టి, గుటక గుటకగా నీళ్లు తాగించండి. ఒక కవరు, ఒక తడి గుడ్డ, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాలి. అవి లేని రోజే అవసరం పడుతుంది, నాకు తెలుసు.

డిస్నీ పార్కుల్లో రైడర్ స్విచ్ అని ఒక ఏర్పాటు ఉంది. ఎక్కలేని పిల్లతో ఒకరు బయట ఉంటే రెండోవారు ఎక్కి వస్తారు, తర్వాత మొదటివారు మళ్లీ మొత్తం వరస నిలబడకుండా ఎక్కొచ్చు. వరస మొదట్లోనే సిబ్బందిని అడగాలి. దీనివల్ల "నీ వల్ల మేమెవరం ఎక్కలేదు" అన్న మాట పిల్లాడు పడాల్సిన అవసరం ఉండదు.

ఇక ఆఖరి నిమిషంలో పిల్ల వద్దంటే? వద్దనే అనుకోండి. ఐస్‌క్రీమ్ ఆశ చూపించడం, "చూడు ఆ అక్క ఎక్కింది, నువ్వు పిరికి" అనడం మనకి అలవాటు. బార్ దిగి బండి కదిలాక ఆ భయాన్ని తీసేసే దారి ఎవరి దగ్గరా లేదు. ఒకసారి బలవంతంగా ఎక్కించిన పిల్ల తర్వాత ఏళ్ల తరబడి రంగులరాట్నం దగ్గరికి కూడా రాకపోవడం మా వీధిలోనే చూశాను. మా మామ్మ సిరిమాను చూసినప్పుడల్లా అనేది, "అంత ఎత్తున ఆ పూజారిగారు కూకున్నారంటే అమ్మోరు పిలిసింది, అందుకే. మనల్నెవులు పిలిసేరని ఎక్కాల?" చింతమాను చివర కూర్చుని గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొచ్చే ఆయనతో కోస్టర్‌కి పోలికేమిటో నాకు తెలీదు గానీ, పిల్లలు "నాను ఎక్కను" అన్నప్పుడల్లా ఆ మాటే గుర్తొస్తుంది.

మా ఆడపడుచు ఆ రాత్రే వాణ్ణి గోడకి నిలబెట్టి గీత గీసింది. నూట నాలుగున్నర. మూడు వారాల్లో రెండున్నర సెంటీలు పెరగడు కాబట్టి చర్చ అక్కడితో అయిపోయింది. వాడికి ముందే చెప్పారు, రెండు రోజులు అలిగాడు, మూడో రోజు మర్చిపోయాడు. అక్కడికి వెళ్లాక వాడు, వాళ్లమ్మ కాఫీ కప్పుల్లో నాలుగుసార్లు తిరిగారట. కోస్టర్ ఎక్కింది అన్నయ్యగారు ఒక్కరే. రాత్రి వీడియో కాల్‌లో వాడే నాకు రిపోర్టు ఇచ్చాడు: "అత్తా, నాన్న బెంచీ మీద పడుకుండిపోయాడు. నేనే నీళ్లు తాగించాను."